కాన్పు సమయంలో బీపీ, షుగర్ వచ్చిన తల్లులు ఆ తర్వాత గుండెను ఎలా కాపాడుకోవాలి

నెలలు నిండే రోజుల్లో బీపీ పెరిగిందని, షుగర్ కనిపించిందని, లేదా బిడ్డ ఎదుగుదల తగ్గిందని డాక్టరు చెప్పి, మందులతో నెట్టుకొచ్చి, కాన్పు అయ్యాక అంతా సర్దుకుందని ఇంటికి పంపిన ప్రతి తల్లికోసం ఈ వ్యాసం రాస్తున్నాను. అది నిన్న మొన్నటి కాన్పు కావచ్చు, ఇరవై ఏళ్ల కిందటిదీ కావచ్చు. ఆ బీపీ తగ్గిపోయిన మాట నిజమే. కానీ అది వచ్చిందన్న సమాచారం మీ ఒంటికి సంబంధించినంత వరకు జీవితాంతం పనికివచ్చే సమాచారం, మన ఇళ్లలో అన్నిటికంటే ముందు మరుగున పడిపోయేదీ అదే.

ముందు కారణం తెలుసుకుంటే తర్వాత చెప్పే పనులు చేయబుద్ధవుతుంది. గర్భంలో తల్లి ఒంట్లోని రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, గుండె నిమిషానికి పంపు చేసే రక్తం 30 నుంచి 50 శాతం వరకు ఎక్కువవుతుంది. వరద వచ్చినప్పుడే ఏటిగట్టు ఎక్కడ పలచబడిందో తెలిసినట్లు, రక్తనాళాల్లోనో, ఇన్సులిన్ పనితీరులోనో ఉన్న లోపం ఈ తొమ్మిది నెలల ఒత్తిడిలోనే మొదటిసారి బయటపడుతుంది. గర్భం ఇరవయ్యో వారం తర్వాత బీపీ 140/90 లేదా అంతకు మించి, దానితో పాటు మూత్రంలో ప్రోటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాల వంటి అవయవాలు దెబ్బతినడమో జరిగితే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు, రాని వారితో పోలిస్తే, తర్వాతి కాలంలో గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం సుమారు రెట్టింపు అనీ, గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంపు చేయలేని స్థితి వచ్చే ప్రమాదం సుమారు నాలుగు రెట్లు అనీ అనేక దేశాల పరిశోధనలు చూపించాయి. గర్భంలో షుగర్ వచ్చిన వారికి తర్వాత శాశ్వత మధుమేహం వచ్చే అవకాశం ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే ఈ రెండింటినీ స్త్రీల గుండె జబ్బుకు ముప్పు కారణాల జాబితాలో చేర్చింది.

ఈ అంకెలు చూసి బెంబేలు పడవద్దు. పాతికేళ్ల వయసులో గుండెపోటు వచ్చే అవకాశం ఎలాగూ చాలా స్వల్పం, దానికి రెట్టింపు చేసినా స్వల్పమే. నలభై దాటాక ఆ తేడా బరువెక్కుతుంది కనుక, మధ్యలో దొరికే పది పదిహేనేళ్లు మీ చేతిలో ఉన్న సమయం. అయితే ఇది మనకు పట్టని విషయమనీ అనుకోవద్దు. 2003–04లో మన గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలను ఒక్కొక్కటిగా నమోదు చేసినప్పుడు, సుమారు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లే జరిగాయని తేలింది. గుండెపోటు పట్నం వాళ్ల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే మాటకు డెల్టాలో ఇరవై ఏళ్ల కిందటే కాలం చెల్లింది.

మొదటి పని: కాన్పు కాగితాలు చేతికి తెచ్చుకోండి

ఈ పనికే అందరికంటే ఎక్కువ సమయం పెట్టమని నా సలహా, ఎందుకంటే మిగిలినవన్నీ దీనిమీదే ఆధారపడ్డాయి. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. అమలాపురంలో పురుడు పోసుకున్న అమ్మాయి బిడ్డను ఎత్తుకుని భీమవరంలోని అత్తవారింటికి వస్తుంది, ఆసుపత్రి ఫైలు మాత్రం పుట్టింటి బీరువాలో చీరల కింద ఉండిపోతుంది. రెండో కాన్పు వేరే ఊళ్లో, వేరే డాక్టరు దగ్గర జరుగుతుంది. పదేళ్ల తర్వాత తణుకులోనో కాకినాడలోనో ఛాతీ బరువుగా ఉందని వెళ్తే, ఇంతకుముందు బీపీ ఉందా అని డాక్టరు అడుగుతారు, ఈవిడ లేదని చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, కాన్పులో వచ్చింది లెక్కలోకి రాదనుకుని చెబుతారు.

కాబట్టి డిశ్చార్జి కాగితం, ఎం.సి.పి. కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), స్కానింగు రిపోర్టులు, రక్తపరీక్షలు అన్నీ తెప్పించుకోండి. స్కానింగు, ఈసీజీ వంటివి నున్నటి కాగితం మీద అచ్చయి ఉంటే, కొన్నేళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. వెంటనే జిరాక్సు తీయించి, ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టుకోండి. మీకు ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే దానికి ఈ రికార్డులు జతచేయమని ఆసుపత్రిలో అడగవచ్చు, అయినా కాగితాన్ని వదిలేయవద్దు.

డిశ్చార్జి కాగితంలో రోగనిర్ధారణ అన్న చోట ఇంగ్లీషు పొడి అక్షరాలు ఉంటాయి. వాటిలో ఏవి ముఖ్యమో ఇక్కడ చెబుతాను. పీఐహెచ్, జీహెచ్‌టీఎన్ అంటే గర్భంలో వచ్చిన బీపీ. పీఈ అంటే ప్రీఎక్లాంప్సియా, దాని ముందు సివియర్ అని ఉంటే తీవ్రమైనదని అర్థం. జీడీఎం అంటే గర్భంలో వచ్చిన షుగర్. ఐయూజీఆర్ లేదా ఎఫ్‌జీఆర్ అంటే కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గడం. ప్రీటర్మ్ అంటే 37 వారాలు నిండకముందే కాన్పు కావడం. అది 32 వారాలకు ముందే అయి ఉంటే మరింత గమనించదగిన విషయం. అబ్రప్షన్ అంటే బిడ్డ పుట్టకముందే మాయ ఊడిపోవడం. ఐయూఎఫ్‌డీ అంటే కడుపులోనే బిడ్డ పోవడం. ఇవన్నీ తల్లి గుండె భవిష్యత్తుతో ఎంతో కొంత సంబంధం ఉన్నవే, పదేపదే గర్భస్రావాలు కావడం కూడా. బిడ్డను కోల్పోయిన తల్లి ఆ కాగితాలను మళ్లీ తెరవలేకపోవడం సహజం. ఆ పని భర్తో, అక్కో, అమ్మో చేసిపెట్టవచ్చు, చేసిపెట్టాలి.

తర్వాత ఒక తెల్లకాగితం మీద మీ చేత్తోనే ఇంత రాయండి: ఏ సంవత్సరంలో కాన్పు, ఎన్ని వారాలకు, బిడ్డ పుట్టిన బరువు, బీపీ ఎప్పుడు మొదలై ఎంత వరకు పెరిగింది, ఫిట్స్ వచ్చాయా, ఏ మందులు వాడారు, కాన్పు అయ్యాక ఎన్నాళ్లకు ఆపారు, షుగర్‌కు ఇన్సులిన్ వాడారా, మీ అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటో పక్షవాతమో వచ్చిందా. ఏ డాక్టరు దగ్గరకు ఏ జబ్బుకు వెళ్లినా ఈ కాగితం వెంట ఉండాలి.

రెండో పని: కాన్పు అయిన ఆరు వారాల్లో

బిడ్డ పుడితే బీపీ దిగిపోతుందన్న నమ్మకం సగమే నిజం. చాలామందిలో కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పైకి వెళ్తుంది, మామూలు కాన్పు అయిన తల్లి సరిగ్గా అప్పటికి ఇంటికి వచ్చేసి ఉంటుంది. అందుకని ఇంటికి వచ్చిన రెండు మూడు రోజుల్లో ఒకసారి, వారం పది రోజుల మధ్య మరోసారి తప్పనిసరిగా బీపీ చూపించుకోవాలి. ఆశా కార్యకర్త బిడ్డను చూడటానికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు. వచ్చినప్పుడు బిడ్డను తూచడంతో సరిపెట్టకుండా, ఏఎన్ఎం గారితో మీ బీపీ కూడా చూపించమని మీరే అడగండి. ఇచ్చిన మాత్రలు పాలకు పడవని ఎవరో చెప్పిన మాట విని ఆపవద్దు. లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివి పాలిచ్చే తల్లులు వాడదగినవే, మార్చాలన్నా ఆపాలన్నా డాక్టరే చెప్పాలి.

బీపీ 160/110 దాటినా, తగ్గని తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా, రొమ్ము కింద పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వచ్చినా, దాన్ని బాలింత నీరసమనో, వాతమనో, పథ్యం తప్పినందుకనో తీసిపారేయవద్దు. 108కి ఫోన్ చేయండి. గర్భం చివరి నెల నుంచి కాన్పు తర్వాత ఐదు నెలల వరకు గుండె కండరమే బలహీనపడే జబ్బు ఒకటి అరుదుగా వస్తుంది. కాళ్ల వాపు, ఆయాసం, రాత్రిపూట దగ్గు దాని గుర్తులు, ఇవి మామూలు బాలింతలోనూ కనిపించేవే కనుక చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. ఆయాసం రోజురోజుకూ పెరుగుతుంటే గుండెను స్కాన్ చేసే ఎకో పరీక్ష చేయమని అడగండి.

మూడో పని: ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య పరీక్షలు

గర్భంలో షుగర్ వచ్చినవారు కాన్పు అయిన ఆరు వారాలకు గ్లూకోజు నీళ్ల పరీక్ష చేయించుకోవాలి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా ఉదయం వెళ్తే ముందు ఒకసారి రక్తం తీస్తారు, తర్వాత 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు మళ్లీ తీస్తారు. పరగడుపున 126 లేదా ఆపైన ఉన్నా, రెండు గంటలకు 200 లేదా ఆపైన ఉన్నా మధుమేహం. రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉంటే మధుమేహానికి ముందు మెట్టు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష సులభంగా ఉంటుంది కానీ, కాన్పులో రక్తం పోవడం, రక్తహీనత వంటి కారణాలవల్ల ఈ సమయంలో దాని ఫలితాన్ని నమ్మలేం. చంటిబిడ్డతో రెండు గంటలు కూర్చోవడం కష్టమని చాలామంది ఈ పరీక్ష వదిలేస్తారు. బిడ్డకు ఆరు వారాల టీకాలు వేయించే రోజునే ఇదీ పెట్టుకుంటే ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి, ముందురోజు ఏఎన్ఎం గారికి చెప్పి ఏర్పాటు చేసుకోండి.

బీపీ వచ్చినవారు పన్నెండు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. అప్పటికీ 140/90 లేదా అంతకు మించి ఉంటే అది ఇక కాన్పు బీపీ కాదు, వైద్యం కొనసాగించవలసిన బీపీ. మూత్రంలో ప్రోటీన్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంత ఉందో కూడా ఒకసారి చూడమనండి. కొలెస్ట్రాల్ గర్భంలో సహజంగానే పెరుగుతుంది కనుక దానికి మరి కొన్ని నెలలు ఆగవచ్చు.

నాలుగో పని: ఏటా ఒకసారి, మరిచిపోకుండా

మన జిల్లాల్లో చాలామంది రెండో కాన్పుతోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటారు. ఆ రోజు ఆసుపత్రి గడప దాటిన తల్లి, బిడ్డకు జ్వరం వస్తే వెళ్తుంది, అత్తగారికి మోకాళ్ల నొప్పులంటే వెళ్తుంది, తనకోసం మాత్రం పదిహేనేళ్లు వెళ్లదు. బీపీ నిశ్శబ్దంగా పెరిగేది సరిగ్గా ఆ పదిహేనేళ్లలోనే. గ్రామాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ముప్పై ఏళ్లు దాటినవారికి చేస్తున్నారు. కానీ ఇరవై మూడేళ్లకే ప్రీఎక్లాంప్సియా వచ్చిన అమ్మాయి ఏడేళ్లు ఆగకూడదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, నాకు కాన్పులో బీపీ వచ్చింది, ఏటా చూడమన్నారని చెప్పండి, కాదనరు. బిడ్డ పుట్టినరోజు వచ్చే నెలను మీ పరీక్షల నెలగా పెట్టుకుంటే గుర్తుంటుంది. ఆ నెలలో బీపీ, పరగడుపు షుగర్, బరువు, నడుము కొలత చూపించుకోండి, డాక్టరు చెప్పినన్ని సంవత్సరాలకోసారి కొలెస్ట్రాల్ కూడా. మన స్త్రీలకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండటం మంచిది.

బీపీ ఎలా కొలుస్తున్నారన్నది కూడా పట్టించుకోండి, ఎందుకంటే తప్పుగా కొలిచిన బీపీ మందులు అనవసరంగా మొదలుపెట్టిస్తుంది, లేదా అవసరమైన మందులు ఆపిస్తుంది. కొలతకు ముందు అరగంట కాఫీ, టీ తాగకూడదు, మూత్రానికి వెళ్లి రావాలి, వీపు ఆనించి, రెండు పాదాలూ నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లమీద ఆని ఉండాలి. జాకెట్టు చేయి మీదనే పట్టీ చుట్టడం, బిగుతు చేతిని పైకి నెట్టి దాని కింద చుట్టడం, రెండూ తప్పే. ఆ రోజు వదులు చేతుల దుస్తులు వేసుకుని వెళ్లండి. లావు చేతికి పెద్ద పట్టీ కావాలి, లేకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇంట్లో మిషన్ ఉంటే 135/85 దాటడాన్నే ఎక్కువగా భావించాలి, ఆసుపత్రి లెక్క 140/90 ఇంటికి వర్తించదు.

అయిదో పని: వంటింట్లో, ఏటిగట్టు మీద

మనిషికి రోజుకు అయిదు గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక టీ చెంచా. నలుగురున్న ఇంటికి అది నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ఉప్పు పొట్లం ఎన్నాళ్లు వస్తోందో ఈ నెల గమనించండి, దానికి ఆవకాయ, మాగాయ, ఉప్పుచేప, ఎండురొయ్యలు, అప్పడాలు, ఊరమిరపకాయల్లో ఉన్న ఉప్పును అదనంగా కలుపుకోండి. ఆవకాయ మానేయమని గోదావరి ఒడ్డున ఎవరు చెప్పినా ఎవరూ వినరు, నేనూ చెప్పను. పూటపూటకూ కాకుండా రోజులో ఒక పూటకు, ఒక ముక్కకు పరిమితం చేసుకోండి, ఆవకాయ వేసుకున్న పూట పప్పులో ఉప్పు తగ్గించండి. ఉప్పుచేప కంటే అదే డబ్బుకు దొరికే పచ్చి చేప మేలు, వేపుడుకంటే పులుసు మేలు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోటును తోటకూరతోనో, బీరకాయతోనో, పప్పుతోనో నింపండి. కొబ్బరి చేతికందే కోనసీమలో ప్రతి కూరలోనూ పడుతుంది, రోజూ వాడకుండా చూసుకోండి. గర్భంలో షుగర్ వచ్చిన బాలింతకు బెల్లం, నెయ్యి వేసిన కాయం ముద్దలు బలమని రోజూ పెట్టడం మంచిది కాదని అమ్మకు, అత్తగారికి డాక్టరు నోటితోనే చెప్పించండి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక గుండెకు అవసరం. సిజేరియన్ అయినవారు డాక్టరు సరేనన్నాక మెల్లగా మొదలుపెట్టాలి. నాట్లకు, కడియం నర్సరీలకు, రొయ్యల పనికి వెళ్లేవారికి వ్యాయామం కొరత ఉండకపోవచ్చు, అయినా ఏటా పరీక్ష మాత్రం వారికీ తప్పదు. బిడ్డకు పాలివ్వడం తల్లి గుండెకూ మేలు చేస్తుందని తెలిసింది కనుక వీలైనంత కాలం కొనసాగించండి. ఇంట్లో చుట్ట, సిగరెట్టు పొగ ఉండకూడదు.

ఆరో పని: మళ్లీ బిడ్డ కావాలనుకునే ముందు

కాన్పుకు, తర్వాతి గర్భానికి మధ్య కనీసం రెండేళ్లు ఎడం ఉండాలి. ఆ రెండేళ్లకు ఏ పద్ధతి వాడాలో అడిగేటప్పుడు బీపీ సంగతి చెప్పండి. మాలా-ఎన్ వంటి మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది, బీపీ ఎక్కువగా ఉన్నవారికి అవి తగవు, కాపర్-టీ వంటివి ఉన్నాయి. పేరు చివర ప్రిల్ అని, సార్టాన్ అని వచ్చే బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు వాడుతుంటే, గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. నెల తప్పిందని తెలియగానే వెళ్లి పాత కాగితం చూపండి. ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి మూడో నెల నిండాక, పదహారు వారాల లోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే అది మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. అయిదో నెలలో వెళ్తే ఆ ప్రయోజనం తగ్గిపోవచ్చు. సొంతంగా మాత్రం కొనివేసుకోవద్దు.

కాగితాలే లేని పెద్దవాళ్లు ఏం చేయాలి

మీ అమ్మ, అత్త, పిన్ని వయసు వారికి కాన్పు నాటి కాగితాలు దొరకవు. జ్ఞాపకాన్నే అడగాలి. కాన్పుకు ముందు ఫిట్స్ వచ్చాయా, స్పృహ తప్పారా? ముఖం, చేతులు వాచి గాజులు, ఉంగరం బిగుసుకుపోయాయా? రెండు పిరుదులకూ పెద్ద పెద్ద ఇంజెక్షన్లు, కొన్ని గంటలకోసారి చేశారా? గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్‌ను అలాగే ఇస్తారు, ఆ నొప్పిని తల్లులు మరిచిపోరు. బిడ్డ రెండున్నర కిలోలకన్నా బాగా తక్కువ బరువుతో పుట్టిందా, ఎనిమిదో నెలలోనే పుట్టిందా? ఈ జవాబుల్లో ఏది అవునన్నా, తేదీతో పనిలేకుండా రాసిపెట్టి డాక్టరుకు చూపించండి.

వారిలో ఎవరికైనా ఛాతీలో బరువు, దవడకో వీపుకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లని చెమటలు, వాంతి, ఉన్నట్టుండి ఆయాసం, నడవలేనంత నిస్సత్తువ వస్తే, గ్యాస్ అని సోడా తాగించి పడుకోబెట్టవద్దు. స్త్రీలలో ఛాతీ నొప్పి లేకుండా మిగిలిన గుర్తులతోనే గుండెపోటు రావడం పురుషులకంటే ఎక్కువగా కనిపిస్తుంది. 108 పిలిచి, ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకువెళ్లి, మొదటి మాటగా కాన్పులో బీపీ వచ్చిన మనిషని చెప్పండి. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా బాధ తగ్గకపోతే, కొంతసేపటికి మరోసారి తీయమనీ, గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ తెలిపే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయగల పెద్దాసుపత్రికి పంపమనీ అడగడానికి మొహమాటపడవద్దు.